హరికథతో మొదలైన సంఘం: భాగ్యరెడ్డి వర్మ జీవితం

లక్డీకాపూల్‌లో ఒక మిత్రుడి ఆఫీసు పైగదిలో ఆదివారం సాయంత్రాలు మేము పాటలు ప్రాక్టీస్ చేస్తున్నాం. పరిశోధన చేసేవాళ్ళం ముగ్గురం, లా చదివే ఇద్దరు చెల్లెళ్ళు, ఆటో నడిపే ఒక అన్న, డప్పు కొట్టే ఇద్దరు తమ్ముళ్ళు, మొత్తం ఎనిమిది మందిమి. మే 22న భాగ్యరెడ్డి వర్మ జయంతికి ఐదు పాటలు తయారు చేయాలని మార్చిలో అనుకున్నాం. ఏప్రిల్ సగం గడిచేసరికి రెండే అయ్యాయి. మూడో పాట ఎవరు ఎత్తుకోవాలన్న దగ్గర మాట పెరిగింది. పాట ఎంచేది చదువుకున్నవాళ్ళం, వరుస మార్చేది మేమే, మైకు పట్టుకునేదీ మేమే. డప్పు తమ్ముళ్ళు వెనక నిలబడి దరువేయాలి. తర్వాత రెండు ఆదివారాలు వాళ్ళు రాలేదు. ఫోన్ చేస్తే పని పడిందని చెప్పారు. ఆ మాట వెనక ఏముందో గదిలో ఉన్న అందరికీ తెలుసు.

ఆ రెండు వారాల్లోనే వర్మ జీవితాన్ని మళ్ళీ మొదటినుంచి చదివాం. సిద్ధాంత వ్యాసాల్లో మేమంతా ఆయన కథను 1911 నుంచో, 1917 నుంచో మొదలుపెడతాం. దానికి ముందున్న సంగతికి ఒక వాక్యం ఇచ్చి దాటేస్తాం. ఆ వాక్యం ఇది: 1906లో ఆయన జగన్మిత్ర మండలి స్థాపించి హరికథల ద్వారా ప్రచారం చేశాడు. అప్పుడు ఆయన వయసు 18. దక్షిణ భారతంలో అంటరాని కులాలను ఒక రాజకీయ శక్తిగా నిలబెట్టిన తొలి తరం నాయకుడు పెట్టిన మొదటి సంస్థ ఒక కథా బృందం అన్నమాట. ఆ ఒక్క వాక్యం దగ్గర ఈసారి మేము ఆగిపోయాం.

మాదరి భాగయ్య 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టాడు. తండ్రి వెంకయ్య, తల్లి రంగమాంబ. కుటుంబానికి ఒక శైవ గురువు ఉండేవాడు. భాగయ్యను భాగ్యరెడ్డిగా మార్చింది ఆయనే. రెడ్డి అన్నది రేడు నుంచి, అంటే ఏలిక అన్న మాట నుంచి వచ్చిందనీ, ఈ నేలను మొదట ఏలినవాళ్ళు అంటరానివాళ్ళుగా మిగిలినవాళ్ళేననీ ఆ పేరుకు చెప్పుకున్న అర్థం. చరిత్రగా అది ఎంతవరకు నిలుస్తుందన్నది వేరే చర్చ. వాడలో పుట్టిన పిల్లవాడికి అయ్య అన్న తోక తీసి ఏలిక అన్న తోక తగిలించడంలో ఎంత తెగువ ఉందో మాత్రం ఆ కాలం తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది. తర్వాత ఆయన నడిపిన ఆది హిందూ ఉద్యమం మొత్తం ఆ పేరులోనే ముడుచుకుని ఉంది.

బతుకు తెరువుకు ఆయన చిన్నప్పుడే పనిలో చేరాల్సి వచ్చింది. డాస్ శాంటోస్ అనే రోమన్ కాథలిక్ బారిస్టరు ఇంట్లో పనిచేశాడు. ఇల్లు గడవడానికీ చదువుకోవడానికీ ఆ ఇల్లే ఆధారమైంది. పుస్తకాలు, పత్రికలు, వచ్చిపోయే మనుషులు ఉన్న ఇల్లు అది. పగలు బారిస్టరు ఇంట్లో ప్రపంచాన్ని చూసి, రాత్రి వాడకు తిరిగి వచ్చే కుర్రవాడికి రెండింటి మధ్య దూరం ఎంతో రోజూ కాళ్ళతో కొలిచినట్టే ఉండి ఉంటుంది.

అప్పటి వాడ ఎలా ఉండేదో ఆయన తర్వాత ఎత్తుకున్న సమస్యలను బట్టే తెలుస్తుంది. పెళ్ళికీ చావుకీ అప్పులు చేసి కల్లు పోయించడం, చిన్నపిల్లలకు పెళ్ళిళ్ళు, జాతరల్లో జంతుబలి, ఆడపిల్లలను దేవతకు వదిలి జోగినిగా, బసివిగా, మురళిగా మార్చడం. చదువు సంగతి సరే, బడి గుమ్మమే లేదు. వీటి మీద ఉపన్యాసం ఇస్తే వినేవాళ్ళెవరు? పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు కుల పెద్దల ముందు నిలబడి మీ ఆచారం తప్పు అంటే రెండో మాటకు ముందే కూర్చోబెట్టేస్తారు. అదే కుర్రవాడు హరికథ పెట్టిస్తున్నాను, రండి అంటే పెద్దలే ముందు వరసలో కూర్చుంటారు.

హరికథ ఎలా నడుస్తుందో ఈ తరం చదువరులకు కొంచెం చెప్పాలి. దాసు కాళ్ళకు గజ్జెలు కట్టి, మెడలో దండ వేసుకుని, చేతిలో చిడతలతో నిలబడతాడు. పక్కన మృదంగం, హార్మోనియమో ఫిడేలో. కథ కొంత పాట, కొంత మాట, కొంత ఆట. మధ్యలో దాసు ఆగి జనంచేత గోవింద కొట్టిస్తాడు. నిద్రపోయేవాణ్ణి లేపడానికీ, చెదిరిన చూపును మళ్ళీ తెచ్చుకోవడానికీ అదొక ఉపాయం. అసలు కీలకం పిట్టకథలో ఉంటుంది. పెద్ద కథ నడుస్తుండగా దాసు పక్కదారి పట్టి ఊరి సంగతి ఒకటి ఎత్తుకుంటాడు. తాగి ఇంటికొచ్చిన మొగుడు, అప్పు చేసి పెళ్ళి చేసిన తండ్రి, ఇలా ఎవరినైనా అందులోకి తేవచ్చు. పేరు చెప్పడు. ఎవరి గురించో అందరికీ తెలుస్తుంది. అందరూ నవ్వుతారు, ఆ నవ్వులో ఎవరి మెడ వాళ్ళే తడుముకుంటారు. సంస్కరణ మాట వాడలోకి రావడానికి ఇంతకంటే నునుపైన తోవ ఆ రోజుల్లో లేదు.

కథలు కూడా వినే చోటును బట్టి మారతాయి. హరిశ్చంద్రుడి కథనే తీసుకోండి. అగ్రహారంలో అది సత్యం తప్పని రాజు కథ. కాటికాపరి వీరబాహుడి పేరు వాడలో వినిపించగానే అది ఇంకో కథ అవుతుంది. రాజును కొనగలిగిన మనిషి మనవాడు, రాజు మనవాడి కింద పనిచేశాడు. దాసు ఒక్క మాటా మార్చనక్కరలేదు.

ఇక్కడ మా వృత్తికి సంబంధించిన ఒక చిన్న మాట. ఉద్యమాల మీద రాసేటప్పుడు మేము తీర్మానాలు వెతుకుతాం, అధ్యక్షోపన్యాసాలు వెతుకుతాం, అవి కాగితం మీద దొరుకుతాయి కనుక. పాట కాగితం మీద దొరకదు. అందుకే సంఘం ఎక్కడ నేర్చుకున్నదో వదిలేసి, నేర్చుకున్నది అప్పజెప్పిన రోజునుంచి చరిత్ర రాస్తాం.

ఒక కథ రాత్రి నడవాలంటే ఏమేం కావాలో ఎనిమిది మంది గుంపును నడపలేక ఇబ్బంది పడుతున్న మాకు ఇప్పుడు బాగా తెలుసు. స్థలం ఇచ్చే పెద్దను ఒప్పించాలి. దీపాలకు నూనె, కూర్చోవడానికి చాపలు చూడాలి. మృదంగం వాయించేవాడు ఏ ఊళ్ళో ఉన్నాడో కనుక్కుని పిలిపించాలి. హారతి పళ్ళెంలో పడిన డబ్బుకు లెక్క చెప్పాలి, లేకపోతే రెండో కథకు ఎవరూ రారు. పాడగలిగినవాడికి ఓపిక ఉండదు, ఓపిక ఉన్నవాడికి గొంతు ఉండదు, ఇద్దరినీ కలిపి నిలబెట్టాలి. ఒకడు పాడుతుంటే మిగతావాళ్ళు ఎప్పుడు అందుకోవాలో, ఎప్పుడు ఆగాలో తెలియాలి. వీటిలో ఏ ఒక్కటీ బడిలో చెప్పరు. భాగ్యరెడ్డి ఇవన్నీ ఇరవై ఏళ్ళు రాకముందే చేయడం మొదలుపెట్టాడు.

దాని ఫలం అయిదేళ్ళలో కనిపించింది. 1911లో జగన్మిత్ర మండలి మాన్య సంఘంగా మారింది. అంతకు ముందే, 1910లో, ఇసామియా బజార్‌లో మొదటి బడి తెరిచారు, తర్వాత లింగంపల్లిలో. తెలుగు మాధ్యమం. పాలన ఉర్దూలో సాగుతున్న నగరంలో అంటరాని పిల్లలకు తెలుగులో చదువు చెప్పాలని పూనుకోవడం చిన్న నిర్ణయం కాదు. 1930ల నాటికి ఆ బడులు 26 అయ్యాయి. ఒక దానికి పంతులును వెతకడం, జీతం పోగేయడం, తల్లిదండ్రులను ఒప్పించడం ఎంత పనో ఊహించి, దాన్ని 26తో హెచ్చవేయండి. కథకు జనాన్ని పోగేసిన చేతులే బడికి పిల్లలను పోగేశాయని మేము అనుకుంటున్నాం.

1913లో ఆర్యసమాజం వాళ్ళు ఆయనకు వర్మ బిరుదు ఇచ్చారు. అదే ఏడాది ఆయన నగరంలో బుద్ధ జయంతి జరిపాడు. రెండూ ఒకే ఏడాది జరగడం కొందరికి వింతగా ఉంటుంది. ఆయన పద్ధతే అది. ఆర్యసమాజం, బ్రహ్మసమాజం, జంతుబలికి వ్యతిరేకంగా పనిచేసిన జీవరక్షా మండలి, ఏ తలుపు తెరుచుకుంటే ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళేవాడు. ఏ ఇంట్లోనూ స్థిరపడిపోలేదు. అంబేడ్కర్ బౌద్ధం తీసుకోవడానికి నలభై మూడేళ్ళ ముందు హైదరాబాద్ వాడల మనిషి బుద్ధుడి పేరు తలుచుకున్నాడన్నది ఈ పేజీ చదివేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన సంగతి.

1917 నవంబరులో బెజవాడలో మైలవరం రాజా వారి నాటకశాలలో సభ జరిగింది. గూడూరి రామచంద్రరావు లాంటి సవర్ణ సంస్కర్తలు పూనుకుని ఏర్పాటు చేసిన ఆ సభ పేరు ఆంధ్రదేశ పంచమ మహాజన సభ. అధ్యక్షుడిగా 29 ఏళ్ళ భాగ్యరెడ్డి వర్మను పిలిచారు. పంచములు అన్న పేరును ఆయన అక్కడే కాదన్నాడు. పురాణాల్లో ఎక్కడా లేని ఆ అయిదో వర్ణం మాకెందుకు, మేము ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అన్నది ఆయన వాదం. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర సభగా ముగిసింది. పిలిచినవాళ్ళు పెట్టిన పేరును, పిలిచిన వేదిక మీదే, వాళ్ళ ఎదుటే మార్పించాడు. సభ చీలలేదు.

ఈ ఘట్టాన్ని మేము చాలాసార్లు రాశాం. ఇప్పుడు చదివితే ఇంకోటి కనిపిస్తోంది. అది నాటకశాల. వేదిక ఎదుట జనం ఎప్పుడు బిగుసుకుంటారో, ఎప్పుడు సడలుతారో, ఏ మాట ఏ క్షణంలో వేస్తే గోవింద కొట్టినట్టు అందరూ అందుకుంటారో తెలిసిన మనిషి అక్కడ నిలబడి ఉన్నాడు. పదకొండేళ్ళ సాధన అది.

ఆ తర్వాత పని వేగం పుంజుకుంది. మాన్య సంఘం ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ లేచింది. కుల తగవులు తీర్చడానికి పంచాయితీలను మళ్ళీ కట్టుదిట్టం చేశారు. జోగిని, బసివి ఆచారాల మీద నిజాం ప్రభుత్వానికి మొర పెట్టారు. 1930లో లక్నోలో అఖిల భారత ఆది హిందూ సభకు వర్మ అధ్యక్షత వహించాడు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో అణగారిన కులాల తరఫున మాట్లాడే హక్కు అంబేడ్కర్‌దేనని గట్టిగా నిలబడ్డాడు. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాద్ సంస్థానం ఆది హిందూ అన్న పేరును ఎక్కించింది. కథ చెప్పి మొదలుపెట్టినవాళ్ళు పాతికేళ్ళలో తమ పేరును తామే ప్రభుత్వ పుస్తకంలో రాయించుకున్నారు.

పాటను ముందుపెట్టి సంఘం కట్టడం ఆయన ఒక్కడికే తట్టిన ఆలోచన కాదు. కేరళలో పొయ్‌కయిల్ అప్పచ్చన్ బానిసల దుఃఖాన్ని పాటలుగా పాడుతూ ప్రత్యక్ష రక్షా దైవ సభను నిర్మించాడు. ఆయన కూడా 1939లోనే చనిపోయాడు. ఉత్తరాదిన ఆది హిందూ ఉద్యమాన్ని నడిపిన స్వామి అఛూతానంద్ కవి, నాటకాలు రాసినవాడు. మహారాష్ట్రలో ఫూలే సత్యశోధకుల తమాషా జల్సాలైంది, భీమ్‌రావ్ కర్డక్ చేతిలో అంబేడ్కరీ జల్సా అయింది. రాయడం చదవడం రానివ్వని జనం దగ్గర పోగేసుకోవడానికి ఉన్న సొంత ఆస్తి గొంతు. నిజాం రాజ్యంలో దానికి ఇంకో లాభం కూడా ఉంది. తర్వాతి రోజుల్లో గస్తీ నిషాన్ 53 వచ్చి సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాల్సి వచ్చింది. దేవుడి కథకు అంత అనుమానం ఎవరికీ రాదు.

ఇక్కడితో ఆపేస్తే జయంతి ఉపన్యాసం అవుతుంది. ఆపలేం. ఆది హిందూ అన్న పేరు కింద అందరూ ఒకటిగా నిలవలేదు. సికింద్రాబాద్ ఘాస్‌మండిలో సునీత బాల సమాజం పెట్టిన అరిగె రామస్వామికీ వర్మకూ పొసగలేదు. రామస్వామి, ఆయన తోటివాళ్ళు ఆది హిందూ జాతీయోన్నతి సభగా వేరే నిలబడ్డారు. మాదిగలు అరుంధతీయ పేరుతో తమ సంఘం తాము పెట్టుకున్నారు. ఉద్యమంలో ముందు నిలిచింది ఎక్కువగా మాలలేనన్న బాధ దాని వెనక ఉంది. ఆ బాధ నిరాధారం అనడానికి మేము సిద్ధంగా లేం. దాన్ని వ్యక్తుల మధ్య పంతాలుగా రాసి సరిపెట్టే పుస్తకాలు మాకు నచ్చవు.

సంగీతం వైపు నుంచి చూస్తే ఈ చీలిక ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. హరికథ గౌరవం ఉన్న కళ. అప్పటికి విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు దాన్ని శాస్త్ర స్థాయికి తీసుకెళ్ళాడు. వాడ కుర్రవాళ్ళు ఆ గజ్జె కట్టడమే ఒక ధిక్కారం, నిజమే. కానీ గౌరవం కోసం మృదంగాన్ని ఎంచుకున్నప్పుడు వాడలో అప్పటికే ఉన్న డప్పు ఎక్కడికి పోతుంది? చావు ముందు, జాతర ముందు, దొర చాటింపు ముందు మోగిన డప్పు మాదిగ చేతిలో వెట్టికి గుర్తు. సంస్కరణ కోరినవాళ్ళకు దాన్ని పక్కన పెట్టాలనిపించడం సహజం. దాన్ని తిరిగి వేదిక మధ్యకు, నిరసన గొంతుగా తేవడానికి చాలా దశాబ్దాలు పట్టింది, దండోరా రావాల్సి వచ్చింది. వర్మను ఇందుకు తప్పుపట్టడం తేలిక. తనకు దొరికిన పనిముట్లతో ఆయన పనిచేశాడు. అయితే ఏ వాద్యం ముందుండాలన్న నిర్ణయంలో ఎవరు ముందుండాలన్న నిర్ణయం కూడా ఉంటుంది. ఆయన ఆ సంగతిని తర్వాత ఎంతో కొంత గుర్తించాడని మాకు అనిపిస్తుంది. 1931లో ఆయన భాగ్యనగర్ పత్రిక మొదలుపెట్టాడు. ఆ పత్రికలోనే ఆయన కథ ఒకటి వచ్చింది, పేరు వెట్టి మాదిగ. తెలుగులో తొలి దళిత కథల్లో దాన్ని లెక్కిస్తారు. మాల సంఘ నాయకుడిగా తన మీద మాట పడుతున్న కాలంలో ఆయన కలం ఎత్తుకున్నది ఒక మాదిగ వెట్టి బతుకును. అది చీలికను మాన్పలేదు. పత్రిక 1937లో ఆది హిందూ అని పేరు మార్చుకుంది. 1939 ఫిబ్రవరి 18న, 50 ఏళ్ళ వయసులో, భాగ్యరెడ్డి వర్మ చనిపోయాడు.

మొన్న మేమంతా లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కి చాదర్‌ఘాట్ వెళ్ళాం. అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజీ దాటుతుంటే ఎడమవైపు ఎక్కడో ఇసామియా బజార్ ఉంటుందని లా చదివే చెల్లెలు చూపించింది. కిటికీలోంచి కనిపించేవి ఇళ్ళ పైకప్పులే. డప్పు తమ్ముళ్ళను వాళ్ళ ఇంటికి వెళ్ళి పిలుచుకొచ్చాం. పని ఏం పడిందని అడగలేదు. మేము ఏం చేశామో మేమే చెప్పాం. పెద్ద తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. ఆది హిందూ భవన్ ముందు నిలబడ్డాక, మీరు ఎంచిన పాటల వరుసకు డప్పు పట్టదని చెప్పాడు. దరువు ముందు పుట్టాలి, దాని మీద మాట కూర్చోవాలి, మీరు మాటను తయారు చేసి తెచ్చి దరువును దాని వెంట నడవమంటున్నారని వివరించాడు. అయిదు పాటల్లో మూడింటిలో చిక్కు అదేనని అప్పుడు తెలిసింది. మూడు వారాలుగా గొంతుల గురించి కొట్లాడుకుంటున్నాం.

ఆదివారం పైగదిలో కుర్చీలు గోడకు జరిపి డప్పులను మధ్యలో పెట్టాం. చిన్న తమ్ముడు కాగితం కాల్చి చర్మం వేడి చేశాడు, ఆఫీసు మిత్రుడు పొగ చూసి కంగారుపడ్డాడు. ముందు దరువు మొదలైంది. ఎవరు ఎత్తుకోవాలో ఎవరమూ అనుకోలేదు. నాలుగో ఆవృతానికి ఆటో అన్న అందుకున్నాడు. ఇంతకాలం ఆయనను మేము వంత పాడటానికే పెట్టుకున్నాం. ఆయన గొంతుకు శ్రుతి సరిగా నిలవదు, రెండో చరణంలో తప్పిపోతాడు కూడా. ఆ చరణం మళ్ళీ వచ్చే ఆదివారం చూడాలి. జయంతికి ఇంకా పదకొండు రోజులుంది, మూడు పాటలు మిగిలాయి.